తల్లికి చెప్పే నీతి యాజమాన్యానికి చెప్పరేం?

ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు జరుపుకొంటాం. బిడ్డకు ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలనీ, ఆపై ఇతర ఆహారంతో పాటు రెండేళ్లు లేదా అంతకు మించి కొనసాగించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. సూచన సరైనదే. కానీ మనం దానిని వినిపిస్తున్నది తల్లికి మాత్రమే. రేణిగుంట విమానాశ్రయం పరిసరాల్లోని కర్మాగారాల్లో షిఫ్టు చేసే తల్లి దానిని పాటించేదెలాగో ఎవరూ చెప్పరు.

బిడ్డ తాగేకొద్దీ పాలు ఊరుతాయి. గంటల తరబడి తీయకపోతే రొమ్ములు గట్టిపడి సలుపుతాయి. కొందరికి వాపు, జ్వరం వస్తాయి. క్రమంగా పాలు తగ్గిపోతాయి. అప్పుడు ‘ఆమెకు పాలు పడలేదు’ అంటారు. పడకపోవడం కాదు, పడనివ్వకపోవడం అది. పిండి దాచుకోవచ్చు కదా అనేవారూ ఉన్నారు. పిండిన పాలు 25 డిగ్రీల గదిలో సుమారు నాలుగు గంటలే నిలుస్తాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో, ఫ్రిజ్ గానీ చాటు గది గానీ లేని చోట, ఆ సలహా పరిహాసమే.

చట్టం లేక కాదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల వేతన సెలవు ఇచ్చారు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలిచ్చేందుకు రెండు అదనపు విరామాలు ఇవ్వాలి. ఇవి యాజమాన్యం చూపే దయ కాదు, తల్లికి ఉన్న హక్కులు.

‘ఖర్చు భరించలేం’ అన్నది యాజమాన్యాలు తరచుగా చెప్పే సాకు. నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉండి, ఈఎస్ఐ పరిధిలో అర్హత పొందిన కార్మికురాలికి సెలవు కాలపు వేతనం చెల్లించేది ఈఎస్ఐ నిధి, యాజమాన్యం కాదు. ఇక మిగిలేది ఒక గది, ఒక ఆయా, కొన్ని ఊయలలు. వేల చదరపు అడుగుల షెడ్డు వేసినవారికి ఇది భారమా?

ప్రభుత్వం తీరూ ప్రశ్నించదగినదే. ఎక్కువ మంది పిల్లలను కనండని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పిలుపునిస్తున్నారు. 2025 జూన్‌లో ఆయన మంత్రివర్గమే గరిష్ఠ పనిగంటలను రోజుకు 9 నుంచి 10కి పెంచేందుకు ఆమోదం తెలిపింది. పైగా మూడో బిడ్డకు చట్టం ఇచ్చే సెలవు 12 వారాలే. కనమన్నవారు పెంచే వేళను కూడా ఇవ్వాలి కదా!

తండ్రి మాట ఈ చట్టంలో లేనే లేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు కర్మాగారంలో పనిచేసే తండ్రికి అటువంటి చట్టబద్ధమైన హక్కు లేదు. బిడ్డ తల్లి ఒక్కతెదేనా?

అందుకే ఉద్యోగం వెతుకుతున్న దంపతులు, భార్యాభర్తలిద్దరూ, జీతంతో పాటు ఈ ప్రశ్నలూ అడగాలి. శిశు కేంద్రం ఎక్కడ? పాలిచ్చే విరామాలు ఎప్పుడు? కాంట్రాక్టు కార్మికులకూ అవి వర్తిస్తాయా? బిడ్డకు జ్వరమొస్తే షిఫ్టు మార్చుకోవచ్చా? అయితే మంచి సంస్థను వెతుక్కునే భారం తల్లిదండ్రులపైనే వదిలేయడం అన్యాయం. కార్మిక శాఖ అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు యంత్రాలతో పాటు ఊయలలున్నాయో లేవో కూడా చూడాలి. లేని సంస్థల పేర్లు బయటపెట్టాలి. వచ్చే ఆగస్టులో తల్లిపాల పోస్టరును ఆసుపత్రి గోడకే కాక ప్రతి కర్మాగారం మేనేజరు గదిలోనూ అంటించాలి.