దేశము రక్తములో నున్నదా?

2020వ సంవత్సరము జనవరిలో ఐర్లండు దేశమున ఒక మల్లుడు పలికిన మాట నన్నింకను విడువకున్నది.

ఆతని పేరు పాడీ హోలహన్. డబ్లిన్ నగరపు శివారైన టాలా ఆతని ప్రాంతము. పిడిగ్రుద్దు, కాలితాపు, కుస్తీపట్టు, గొంతుబిగింపు అన్నియు చెల్లుబడియగు మిశ్రమ యుద్ధక్రీడలో ఆరితేరి, యూఎఫ్‌సీ యను అమెరికా సంస్థవారి పోటీలలో 2014, 2015 సంవత్సరములందు పోరాడి పేరొందినవాడు. తరువాత షిన్ ఫేన్ పక్షమున స్థానిక కౌన్సిలు సభ్యుడయ్యెను. నాటి ప్రధాని లియో వరాద్కర్‌ను గూర్చి ఆతడనిన దాని సారాంశమిది: దేశమునేలువాని రక్తము ఐర్లండుది కావలెను, వరాద్కర్ రక్తము ఇండియాకు పోవును. ఆతని పక్షమువారే ఆతనిని సస్పెండు చేసిరి.

వరాద్కర్ ఎవరు? 1979లో డబ్లిన్‌లో జన్మించినవాడు. తల్లి వాటర్‌ఫర్డ్ జిల్లా డంగార్వన్ ఆడపడుచు, నర్సు. తండ్రి ముంబయిలో పుట్టిన వైద్యుడు. పుట్టుట, పెరుగుట, చదువుట, ఎన్నికలలో గెలుచుట యన్నియు ఐర్లండులోనే. ఐనను తండ్రివలన వచ్చిన సగపాలే త్రాసులో మొగ్గినది. తల్లివలన వచ్చిన సగము లెక్కకే రాలేదు. వంశమనగా తండ్రివంశమే యను భ్రమ మన పురోహితులకే కాక డబ్లిన్ మల్లులకును కలదని దీనివలన తెలియుచున్నది.

ఒక మల్లుని మాటకింత చర్చ యేల యని పాఠకులడుగవచ్చును. మల్లుడు నేడు గోదాలో ఒంటరిగా నిలుచుట లేదు. దేశపు జెండా భుజములపై కప్పుకొని నిలుచుచున్నాడు. డబ్లిన్‌లోని క్రమ్లిన్ పేటవాడైన కానర్ మెక్‌గ్రెగర్‌ను చూడుడు. 2015 డిసెంబరు 12న జోసె ఆల్డో యను బ్రెజిలు వీరుని 13 సెకండ్లలో పడగొట్టెను. మరుసటి సంవత్సరము నవంబరులో న్యూయార్కున గెలిచి ఏకకాలమున రెండు బిరుదులు ధరించెను. ఆతని గెలుపు తమ జాతి గెలుపని యనేకులు పొంగిరి. ఆ పొంగుమీద నెక్కియే ఆతడు 2025 మార్చి 17న, సెయింట్ పాట్రిక్ పండుగనాడు, అమెరికా అధ్యక్షుని భవనమున నిలిచి, వలసవచ్చువారివలన ఐర్లండు తన ఐరిష్‌తనమును కోల్పోవుచున్నదని లోకమునకు చాటెను. ఆ మాటలు తప్పనియు, ఐర్లండు ప్రజల అభిప్రాయము కావనియు ప్రధాని మీహాల్ మార్టిన్ ఆనాడే ఖండించెను. అంతకు నాలుగు నెలల ముందే, ఒక స్త్రీపై 2018లో జరిపిన దౌర్జన్యమునకు ఆ మల్లునే బాధ్యునిగా నిర్ణయించి, డబ్లిన్ హైకోర్టు జూరీ ఆమెకు సుమారు 2,50,000 యూరోల పరిహారము విధించియుండెను. ఆతని అప్పీలును 2025 జూలైలో కొట్టివేయబడినది. జెండా ఎంత వెడల్పుగానున్నను దాని క్రింద దాగని వస్తువులు కొన్ని కలవు.

ఇక ఆ విద్యనే పరిశీలింతము. దాని పేరే మిశ్రమము. గొంతుబిగింపు పట్టులు జపానునుండి మిత్సుయో మాయెదా యను జూడో వీరునివలన బ్రెజిలు చేరి, గ్రేసీ కుటుంబమువారి చేతిలో పదునెక్కినవి. మోకాటి పోట్లు, మోచేతి పోట్లు థాయిలాండువి. ముష్టియుద్ధపు నియమములు ఇంగ్లండువి. ఏ పట్టు స్వదేశీయమో ఏది పరదేశీయమో యని వేరుచేయ మొదలిడినచో ఐరిష్ మల్లునికి చేతులును మిగులవు, కాళ్లును మిగులవు. నాలుగు దేశముల విద్యతో పొట్టపోసికొనువాడు రక్తశుద్ధిని బోధించుట కంటె వింత యేమున్నది?

ఆ జెండా చెప్పునది వేరు. 1848లో థామస్ ఫ్రాన్సిస్ మాహర్ దానిని తన ప్రజలకు చూపెను. ఆకుపచ్చ ఒక మతమువారిది, నారింజ మరియొక మతమువారిది, నడిమి తెలుపు ఉభయుల సంధి. ఆ తెలుపును గ్రహించిన వీరుడును కలడు. ఉత్తర ఐర్లండులో కేథలిక్కులు, ప్రొటెస్టంట్లు ఒకరినొకరు చంపుకొనుచుండిన దినములలో బారీ మెక్‌గిగన్ అను ముష్టియోధుడు, తాను కేథలిక్కు, భార్య ప్రొటెస్టంటు, ఏ పక్షపు రంగును ధరింపక శాంతికపోతమును చిహ్నముగా గైకొని, 1985 జూన్ 8న లండనులో ప్రపంచ బిరుదును గెలిచెను. పిడికిలి బిగించినవాడు జాతులను విడదీయవలెనను నియమమేమియు లేదు.

హోలహన్ కొలబద్దతో ఐర్లండు నిర్మాతలనే కొలిచి చూతము. 1916 తిరుగుబాటున ప్రాణమర్పించిన జేమ్స్ కానలీ పుట్టినది స్కాట్లండులోని ఎడింబరోలో. 1937 రాజ్యాంగమునకు సూత్రధారియై, ప్రధానియు అధ్యక్షుడునైన ఈమన్ డి వలేరా పుట్టినది న్యూయార్కులో. తల్లి ఐరిష్ స్త్రీ, తండ్రి స్పానిష్ వంశీయుడు. తండ్రి పరదేశి, తల్లి ఐరిష్: సరిగా వరాద్కర్ జాతకమే! పైగా వరాద్కర్ డబ్లిన్‌లోనైన పుట్టెను. డి వలేరా కా భాగ్యమును లేదు. ఈ కొలబద్దకు ఆగని రాజ్యమే లేదు కాబట్టి విరువవలసినది కొలబద్దనే.

ఐరిష్‌వారి పక్షమున చెప్పవలసినదియు కలదు. 1845 మొదలు 1852 వరకు జరిగిన క్షామమున సుమారు 10 లక్షలమంది చచ్చిరి. మరి 10 లక్షలమంది దేశము విడిచిరి. భాష క్షీణించి, భూమి పరుల పాలైన జాతికి వంశస్మృతియే ఆస్తియగుట సహజము. తాతయో అవ్వయో ఆ దీవిలో పుట్టినచో మనుమడు పేరు నమోదు చేయించుకొని పౌరుడు కావచ్చునని వారి చట్టము. దూరమైన బిడ్డను పిలుచునపుడు రక్తము తల్లివంటిది, నేను కాదనను. కాని 2004 జూన్‌లో ప్రజలు నూటికి 79 వంతుల సమ్మతితో రాజ్యాంగమును మార్చినందున, ఆ గడ్డపై పుట్టిన విదేశీయుల బిడ్డకు పుట్టుకమాత్రమున పౌరసత్వము చాలకపోయెను. బోస్టనులోని మనుమనికి తలుపు తెరచిన తాళపుచెవియే డబ్లిన్ ఉయ్యాలలోని శిశువునకు తలుపు మూయుచున్నది.

ఇంతవరకు పరులను విమర్శించితిమి, అది సులభము. 2017 జూన్‌లో వరాద్కర్ ప్రధాని యయ్యెనని తెలిసిననాడు మా ఉపాధ్యాయుల గదిలో మేమందరము "మనవాడు" అని మురిసితిమి. నేనును మురిసితిని. ఆతనికి మనయెడ ఏ బాధ్యతయు లేదు. మన భాష రాదు. మనము ఓటు వేయలేదు. ఏ సంబంధమున మనవాడు? రక్తసంబంధముననే కదా! మూడేండ్ల తరువాత హోలహన్ మనమాటనే తిరుగవేసి పలికెను. మనము "మావాడు" అంటిమి. ఆతడు "ఔను, మీవాడే, మావాడు కాడు" అనెను. మన వాదమును మన ముఖముననే విసరినవానిని నిందించు హక్కు మనకెక్కడిది?

ఇది మాటల జగడము కాదు. 2025 జూలై 19న అదే టాలాలో ఒక భారతీయుని కొందరు కొట్టి, రక్తము కార్చి, బట్టలూడదీసి వీధిలో విడిచిరి. ఆదుకొన్నది ఆ ప్రాంతపు ఐరిష్ స్త్రీయే. ఆగస్టు 1న మన రాయబార కార్యాలయము అచటి భారతీయులకు జాగ్రత్తలు చెప్పవలసివచ్చెను. అక్కడ చదువుచున్న, కొలువు చేయుచున్న మన బిడ్డల తరఫున మనమేమని వాదింతుము? దేశము రక్తములో లేదని, కలిసి బ్రదుకుటలో నున్నదని. న్యాయమే. కాని ఆ వాదము చేసిన నోటితోనే, మన వీధిలో ఇల్లు అద్దెకడుగ వచ్చినవానిని "మీరెవరండీ?" యని కులము కూపీ తీయుచున్నాము. సంబంధము కుదుర్చునపుడు "మన రక్తము" అని గర్వించుచున్నాము. డబ్లిన్‌లో తప్పైనది మన గడపలో ఆచారమెట్లగును?

రక్తము లేకయే దేశమునకు చెందవచ్చునని చూపిన వారు మనకు దూరమున లేరు. 1878లో ఐర్లండులోని బోయిల్ పట్టణమున పుట్టి, అచట స్త్రీల ఓటుహక్కుకై పోరాడిన మార్గరెట్ కజిన్స్ మన మదనపల్లెకు వచ్చెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు ఆ కళాశాలలో 'జనగణమన' పాడినపుడు దానికి స్వరలిపి కూర్చినది ఆమెయే. ఆమె రక్తమును పరీక్షించి, నీ విందులకు తగవని మనము చెప్పితిమా?

కావున పాఠకులకు నా మనవి. విదేశమున మన సంతతివాడొకడు గద్దె నెక్కెనను వార్త మరల వచ్చును. ఆనాడు "మనవాడు" అని సంబరపడుటకు ముందు, మన వీధిలో ఇల్లు దొరకని వాడెవడో కనుగొని వానికి తలుపు తెరువుడు. అది చేయనంతకాలము హోలహన్‌ను తప్పుపట్టు అర్హత మనకు లేదు.