కార్ఖానా మెట్లు

హైదరాబాదున మూసీనదికి దక్షిణమున, మహమ్మద్ కులీ కుతుబ్‌షా వైద్యాలయము కట్టించిన దారుల్‌షిఫా పేటలో, నేడు అంధ విద్యార్థుల ప్రభుత్వ వసతి పాఠశాల నడచుచున్నది. అచ్చట చదువు ముగించిన యువకుడు జీవనోపాధికై సలహా కోరినచో నది దాటి విద్యానగరమునకు పోవలెను. 1968లో బొంబాయితోపాటు హైదరాబాదునకు లభించిన వికలాంగుల వృత్తి పునరావాస కేంద్రము, జాతీయ కెరీర్ సర్వీస్ కేంద్రమని పేరు మార్చుకొని, ఇప్పుడు అచ్చట నున్నది.

వచ్చినవానికి ఏ అవయవము లోపించినదో వ్రాసికొని ఊరకుండక, పనిముట్లు చేతికిచ్చి, మిగిలిన శక్తి యెంతటిదో, మనసెటు మొగ్గుచున్నదో పరీక్షించి, తగిన శిక్షణ నిప్పించి, పిదప కొలువు చూపుటకు యత్నించుట ఆ కేంద్రము ధర్మము. 1955లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన సిఫారసు సారాంశమును అదియే. ఇందు తప్పెన్నదగినది లేదు.

చిక్కెచ్చటనన, చట్టము కాపాడు కొలువులొకచోట, పాతనగరవాసి బ్రదుకుతెరువు మరియొకచోట నున్నవి. 1995 నాటి వికలాంగుల చట్టము మూడు శాతము, 2016 నాటి చట్టము నాలుగు శాతము ఉద్యోగములను ప్రత్యేకించినను, ఆ నిర్బంధము ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు యజమానికి ప్రోత్సాహకముల ఆశ చూపుటతో చట్టము సరిపుచ్చుకొన్నది. చార్మినారు చెంతనున్న లాడ్‌బజారు వెనుక సందులలో, ఇంటి చావడియే కార్ఖానాయై, లెక్కకింత యని కూలి ముట్టుచోట, ఆ ప్రోత్సాహకములకు దరఖాస్తు పెట్టు యజమాని యెవడు?

అయినను ఆ పనుల స్వభావము చూడుడు. జరీపనివారు నేలపై బాసిపట్టు వేసికొని, చట్రమునకు బిగించిన గుడ్డపై నొకచేయి, క్రింద నొకచేయి యుంచి, సూదితో తీగను పైకిలాగుచు గంటలకొలది కుట్టుదురు; చెవులతో నిమిత్తములేని యీ విద్య బధిరునకు సహజముగనే అనుకూలము. లక్కగాజును కుంపటిపై మెత్తపరచి రాళ్లు పొదుగుటకు వలయునవి కన్నులు, వేళ్లు. పోలియోచే కాళ్లు చచ్చువడినవానికి అది అందరాని పని గాదు. అందరానిది, పై అంతస్తునందలి కార్ఖానాకు పోవు ఇరుకు మెట్లు.

బజారును విడిచిన శిక్షణ యెట్లు వ్యర్థమగునో మనకు తెలియనిది కాదు. ఒకప్పుడు అంధులకు కుర్చీలకు పేము అల్లుట నేర్పి కచేరీలలో నియమించెడివారు. ప్లాస్టిక్ కుర్చీ వచ్చి ఆ నేర్పును నిరుపయోగము చేసినది. (కుర్చీ మారినంత వేగముగ శిక్షణక్రమము మారుట ఏ శాఖలోనైనను అరుదే.)

కావున ఆ కేంద్రపు పరీక్షకులు వారమున కొకనాడైనను చార్మినారు పరిసరములకు వచ్చి, పని తెలిసిన ఉస్తాదులతో మాటాడి, వికలాంగులను అచ్చటనే శాగిర్దులుగా, అనగా శిష్యులుగా, కుదుర్చుట మేలు. లెక్కకూలికి చేయు ఉస్తాదు, నేర్పినన్నాళ్లు తన చేతిపని మందగించునని వెనుదీయుట న్యాయమే. ఆ నష్టమునకు భృతి, క్రింది గదికి అద్దె శిక్షణ పద్దులో చేరువరకు ఆయనను తప్పుపట్టుటకు మనకధికారము లేదు.