ఆరో తరగతిలోనే మూసుకునే తలుపు

కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టినప్పుడు సమాజం అడిగిన ప్రశ్న సూటిగా ఉండేది: ఆడపిల్లకు చదువెందుకు? నూటయాభై ఏళ్లు గడిచాక అదే ఊళ్లో ఆ ప్రశ్న పైకి అడిగేవాళ్లు లేరు. ప్రశ్న వేషం మార్చుకుంది. ఆడపిల్ల చదువుకు ఎంత ఖర్చు పెట్టాలి అన్నది ఇప్పటి ప్రశ్న.

ఈ మధ్య ధవళేశ్వరంలో ఒక ఇంటికి వెళ్లాను. ఏడో తరగతి చదివే కొడుకు ఐఐటీ ఫౌండేషన్ చెప్పే ప్రైవేటు స్కూలుకు వ్యానులో రాజమండ్రి వెళ్తాడు. తొమ్మిదో తరగతి కూతురు ఊళ్లో ప్రభుత్వ బడికి నడిచి వెళ్తుంది. లెక్కల్లో ఎవరు చురుకని అడిగితే తల్లి తడుముకోకుండా కూతురి పేరు చెప్పింది. మరి ఫౌండేషన్ కొడుక్కెందుకు? "అది ఎక్కడేసినా చదివేత్తదండి. ఈడికే పునాది కావాలి" అంది. ఆమెలో కపటం లేదు. ఇద్దరికీ ఫీజు కట్టే స్తోమత లేనప్పుడు తనకు తెలిసిన లెక్క వేసింది. ఆ లెక్క ఆమెకు ఎవరు నేర్పారన్నదే మనం ఆలోచించాలి.

ఫౌండేషన్ అంటే హైస్కూలు తరగతుల్లోనే ఇంటర్ స్థాయి లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు ముందుగా చెప్పడం. ఐఐటీలు ఈ కోర్సు చదివారా అని అడగవు. జేఈఈ మెయిన్‌లో ముందు వరుసలో నిలిచిన సుమారు రెండున్నర లక్షల మంది అడ్వాన్స్‌డ్ పరీక్షకు అర్హులవుతారు. అక్కడి ర్యాంకును బట్టే సీటు. చూడటానికి అందరికీ ఒకే పరీక్ష, ఒకే గడియారం. కానీ ప్రభుత్వ బడి పదో తరగతి పాఠానికీ ఆ ప్రశ్నాపత్రానికీ మధ్య ఒక గోదావరి ఉంది. దాన్ని దాటించే పడవకు టిక్కెట్టు ఉంది. పరీక్ష పదిహేడో ఏట జరిగినా, ఎంపిక పదకొండో ఏట, ఇంట్లో, ఫీజు మాటల దగ్గరే జరిగిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించిన యంగ్ లైవ్స్ అధ్యయనం ప్రైవేటు బడులకు పంపడంలో మగపిల్లల వైపే మొగ్గు ఉందని చూపింది. ఫలితం పైమెట్టు మీద కనిపిస్తుంది. 2016లో ఐఐటీల బీటెక్‌లో చేరినవారిలో ఆడపిల్లలు దాదాపు 8 శాతం మాత్రమే. మగపిల్లల సీట్లు తగ్గించకుండా 2018 నుంచి అదనపు సీట్లు సృష్టించి, 2020 నాటికి వాటాను 20 శాతానికి తేవాలని నిర్ణయించారు. ఇది మంచి చర్యే, సందేహం లేదు. అయితే ఆ సీటు అడ్వాన్స్‌డ్‌లో అర్హత పొందిన అమ్మాయికే అందుతుంది. పడవే ఎక్కని అమ్మాయికి అవతలి ఒడ్డున కుర్చీ వేసి ఏం లాభం?

దీనికి భిన్నమైన దారి మన రాష్ట్రంలోనే ఉంది. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో ట్రిపుల్ ఐటీలు మొదలైనప్పుడు పదో తరగతి మార్కులనే ప్రవేశానికి ఆధారం చేశారు. ప్రభుత్వ బడుల పిల్లలకు వెనుకబాటు కింద అదనపు స్కోరు కలిపారు. గ్రేడుల కాలంలో అది 0.4 పాయింటు. ఇటీవలి సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్ ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పొందినవారిలో ఆడపిల్లలే ఎక్కువ. కొలబద్ద మారితే ప్రతిభ జెండర్ మారిందా? లేదు. అంతకుముందు కొలిచింది ప్రతిభను ఒక్కదాన్నే కాదు, తండ్రి జేబును కూడా.

ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. ఈ సంఖ్య చూసి చంకలు గుద్దుకోవడం తొందరపాటు. కొడుకు కార్పొరేట్ కాలేజీకి, కూతురు ఖర్చు తక్కువైన ప్రభుత్వ సంస్థకు వెళ్లిన ఇళ్లు కూడా ఇందులో ఉండవచ్చు. పదో తరగతి మార్కులూ నిష్కల్మషం కావు, ప్రైవేటు బడులు వాటినీ పిండగలవు. అయినా బడి పాఠం మీద ఆధారపడిన కొలత, బడి బయట కొనుక్కున్న పాఠం మీద ఆధారపడిన కొలత కంటే న్యాయంగా ఉంటుంది.

అమెరికాలోనూ ఈ వివాదం కోర్టుకెక్కింది. అక్కడ హైస్కూల్లో చదివే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులకు పేరున్న విశ్వవిద్యాలయాలు విలువ ఇస్తాయి. అలాంటి కోర్సులు తమ బడిలో అతి తక్కువగా ఉన్నాయని, తమ అవకాశాలు అక్కడే దెబ్బతింటున్నాయని 1999లో కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్ విద్యార్థులు ప్రభుత్వం మీద దావా వేశారు. వాళ్లు కోర్సులు రద్దు చేయమనలేదు, తమకూ కావాలన్నారు.

మనం అడగాల్సిందీ అదే. ప్రతి ప్రభుత్వ హైస్కూల్లో బడి వేళల్లోనే, ఫీజు లేకుండా పైస్థాయి లెక్కలు, సైన్సు చెప్పాలి. సాయంత్రం క్లాసులు పెడితే చీకటి పడ్డాక ఇంటికి చేరే భయం ఆడపిల్లను మళ్లీ బయటే ఉంచుతుంది. పదో తరగతి ఆధారంగా ప్రవేశమిచ్చే ఏర్పాటును మనం కాపాడుకోవాలి. ఇక మన సంఘాల్లో పనిచేసేవాళ్లం ఇంటింటికీ వెళ్లినప్పుడు "అమ్మాయి బడికి వెళ్తోందా" అని అడిగి తిరిగొస్తే చాలదు. అన్నకెంత కట్టారు, చెల్లికెంత కట్టారు అని అడగాలి, రాసుకోవాలి. అసమానత ఇప్పుడు హాజరుపట్టీలో కనపడదు, ఫీజు రసీదుల్లో దొరుకుతుంది.

"ఎక్కడేసినా చదివేత్తది" అన్న మాట కూతురికి మెచ్చుకోలులా వినిపిస్తుంది. నిజానికి ఆమె వాటా తగ్గించడానికి చెప్పే సాకు అది. ఆ తల్లితో మన సంభాషణ అక్కడి నుంచే మొదలుకావాలి.