పచ్చ రోష్నీ, బవాసీర్, మా మామూ

మొన్న జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ బయట ఒక నౌజవాన్ నన్ను ఆపి ఫోన్ చేతిలో పెట్టాడు. "భాయ్, పేగు క్యాన్సర్‌కి కొత్త ఇలాజ్ వచ్చిందంట. పచ్చ రోష్నీ వేస్తే క్యాన్సర్ ఎక్కడుందో మెరుస్తాదంట. మా ఖాలాకి అది చేయించాల. నిమ్మతోట అమ్మేద్దామనుకుంటా ఉండాం" అన్నాడు. గూడూరులో నిమ్మతోట అమ్మడమంటే ఏమిటో ఈ ఊరోళ్ళకి చెప్పక్కర్లేదు. అందుకే ఈ రాత.

ముందు ఒక గలత్‌ఫహమీ తీసేద్దాం. ఆ వీడియోలో మెరిసేది క్యాన్సర్ కాదు, నెత్తురు. ఇండోసయనిన్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగు మందును నరంలోకి ఎక్కిస్తారు. అది నెత్తుట్లోని ప్రొటీన్లకు అతుక్కుని నెత్తురు పోయిన చోటికల్లా పోతుంది. ఎరుపుకు అవతల ఉండే, మన కంటికి ఆనని కాంతిని దాని మీద వేస్తే అది వెలుగుతుంది. ఆ వెలుగు కూడా మన కంటికి కనపడదు, ప్రత్యేకమైన కెమెరాయే చూడాలి. తెర మీద పచ్చగా చూపించేది కంప్యూటరే. కాసేపటికి లివర్ ఆ మందును పైత్యరసంలోకి తోసేస్తుంది. నిన్నా మొన్నా పుట్టిందేమీ కాదు. ఫొటో ఫిల్ములు చేసే కొడాక్ కంపెనీ వాళ్ళది. అమెరికాలో 1959లోనే దీనికి ఇజాజత్ దొరికింది. కళ్ళ డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలిసినదే.

మరి పేగు ఆపరేషన్‌లో దీనితో పనేంటి? గడ్డ ఉన్న ముక్కను కోసేసి మిగిలిన రెండు కొసలను కలిపి కుడతారు. ఆ కొసలకు నెత్తురు బాగా అందితేనే కుట్టు అతుక్కుంటుంది. అందకపోతే నాలుగైదు రోజులకో వారానికో కుట్టు విడిపోయి మలం కడుపులోకి కారుతుంది. అప్పుడు జాన్ మీదికొస్తుంది. మళ్ళీ ఆపరేషన్, ఐసీయూ, వెనక్కి జరిగే కీమో. సర్జన్లు పేగు రంగు చూసి, కోసిన అంచున నెత్తురు కారుతోందా అని చూసి అందాజా వేస్తారు. ఎంత హాథ్ తిరిగిన వాళ్ళకైనా ఆ అందాజా ఒక్కోసారి తప్పుతుంది. పచ్చగా వెలిగిన చోట ప్రాణముంది, నల్లగా ఉండిపోయిన చోట లేదు అని ఈ కెమెరా చెబుతుంది. అప్పుడు సర్జన్ ఇంకో రెండు మూడు వేళ్ళ మేర పైకి జరిగి కోస్తాడు.

మా మామూకి అదే జరిగింది. కోద్దామనుకున్న చోట పేగు చూడ్డానికి బాగానే ఉందంట, తెర మీద మాత్రం నల్లగా వచ్చిందంట. డాక్టర్ సాబ్ తర్వాత మాకు వీడియో చూపించారు. సుభానల్లాహ్ అనుకున్నాను. కానీ ఒక మనిషి కథ సుబూత్ కాదు. జపాన్‌లో మలద్వారానికి దగ్గరగా క్యాన్సర్ ఉన్న 850 మంది మీద పరీక్ష జరిగింది. 2023లో అచ్చయిన లెక్క ప్రకారం ఈ రోష్నీ వాడని వాళ్ళలో కుట్టు లీకైంది 11.8 శాతం మందికి, వాడిన వాళ్ళలో 7.6 శాతం మందికి. మంచి ఫరఖే. అంతకు ముందు అమెరికాలో 347 మందితో చేస్తే 9.6, 9.0 వచ్చింది. అంటే ఫరఖ్ లేనట్టే. కాబట్టి పని చేసే ఔజారే గానీ కరామత్ మాత్రం కాదు. క్యాన్సర్‌నే వెలిగించే మందుల మీద కూడా పని జరుగుతోంది, ఆ సంగతి వేరు.

నా మాట సాఫ్‌గా చెబుతాను. ఈ కెమెరా ఉన్న దవాఖానా దొరికితే మంచిదే, అల్‌హందులిల్లాహ్. దాని కోసం తోట అమ్మొద్దు, ఆపరేషన్ తారీఖు వెనక్కి జరపొద్దు. కెమెరా కంటే ముందు ఇలాంటి ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారో డాక్టర్‌ని అదబ్‌గా అడగండి. అడిగితే నారాజ్ అయ్యే డాక్టర్ దగ్గర ఎందుకు? అయోడిన్ పడని వాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, అదే మన పాత ఆరోగ్యశ్రీ, దాని మీద ఏది వస్తుందో ఏది రాదో అడ్మిషన్‌కి ముందే తేల్చుకోండి. తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022లో తెరిచిన టాటా వాళ్ళ క్యాన్సర్ ఆసుపత్రీ ఉంది. అందరూ చెన్నై రైలే ఎక్కాలని లేదు. మందు సీసా కంటే కెమెరాదే అసలు ఖర్చు. సర్కారీ దవాఖానాల్లో అది పెట్టించడం ప్రభుత్వం పని, నిమ్మతోట పని కాదు.

నా గుస్సా అసలు వేరే చోట ఉంది. మామూకి నెత్తురు పడటం మొదలైన ఎనిమిది నెలల తర్వాత కానీ కొలనోస్కోపీ జరగలేదు. అన్నాళ్ళూ ఊళ్ళో ఒకాయన "బవాసీర్, కారం మానెయ్" అని పూతమందు ఇస్తూ పోయాడు. మామూ కూడా షరంతో ముమానీకి చెప్పలేదు. ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. నలభై దాటిన మనిషికి మలంలో నెత్తురు పడితే, దొడ్డికి పోయే అలవాటు వారాల తరబడి మారితే, కారణం లేకుండా నెత్తురు తగ్గి బరువు తగ్గితే, అది బవాసీరే అని చెప్పే హక్కు చూడని వాడికి లేదు. ఏ రోష్నీ అయినా ఆపరేషన్ బల్ల దాకా వచ్చిన వాళ్ళకే.

ఇంకో భయం గురించి ఎవరూ బయటికి మాట్లాడరు. గడ్డ బాగా కిందుంటే, కుట్టు మానే వరకు పొట్ట మీద సంచీ పెడతారు. పచ్చ రోష్నీ చూసి కూడా మామూకి పెట్టారు. "సంచీతో నమాజ్ ఎట్లా? వజూ నిలవదు గదా" అని మామూ ఆపరేషన్‌కే ఇన్‌కార్ చేశారు. పన్నెండు రోజులు దానికే పోయాయి. చివరికి మౌలానా సాబ్ ఇంటికొచ్చి, ఆపుకోలేని ఉజ్ర్ ఉన్నవాడు మాజూర్, ఒక్కో నమాజ్ వఖ్త్‌కి ఒక్కో వజూ చేసుకుంటే చాలు, ఇది మన ఫిఖ్‌లో పాత మసలానే అని సమ్‌ఝాయించారు. ఆ సాయంత్రమే సంచీ సర్దుకున్నారు.

ఆ నౌజవాన్‌కి ఇదంతా చెప్పాను. ఖాలాకి పరీక్ష ఎప్పుడు చేయించారు అని అడిగితే, ఇంకా చేయించలేదన్నాడు. బవాసీరేమో అని ఇంట్లో అంటున్నారంట.