సుర్ఖీ చదివి కారు కొన్న మామూ

ఉర్దూలో హెడ్డింగుని సుర్ఖీ అంటాం. సుర్ఖ్ అంటే ఎరుపు. పాత చేతిరాత కితాబుల్లో నల్ల సిరా మధ్య శీర్షికల్ని కాతిబులు ఎర్ర సిరాతో రాసేవాళ్ళు, మాట అక్కడి నుంచి వచ్చింది. ఉర్దూ మీడియం బళ్ళో విన్న ఈ ముక్క, డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు కూడా నన్ను వదల్లేదు. ఇప్పుడు నా రోజీ రోటీ కూడా అదే. డెస్కులో కూర్చుని సుర్ఖీలు పెడతాను.

2025 సెప్టెంబర్ 3 రాత్రి జీఎస్టీ కౌన్సిల్ కొత్త రేట్లు ప్రకటించింది. కార్ల ఖబర్ నా టేబుల్ మీదికొచ్చింది. పేజీ వెళ్ళిపోయే టైమ్. "పెద్ద కార్లపై 40 శాతం పన్ను" అని పెట్టాను. ఒక్క అక్షరం ఝూట్ లేదు.

మూడో వారంలో నంద్యాల నుంచి మామూ ఫోన్. గొంతులో ఈద్ ఉంది. "బేటా, 22 నుంచి 40 శాతమని నీ పేపర్‌లోనే చదివినా. అంతకు ముందే సెవెన్ సీటర్ తీసేసుకున్నా. బచ్ గయా! తూచ్ లిఖా క్యా రే వో?"

నేనే రాశానని చెప్పాను. మిగతాది చెప్పలేకపోయాను.

మిగతాది ఏమిటంటే, ఆ బండి మీద అప్పటి దాకా పన్ను 45 శాతం. 28 శాతం జీఎస్టీ, దాని మీద 17 శాతం సెస్. కొత్త లెక్కలో సెస్ ఎత్తేశారు, మొత్తం 40. అంటే పన్ను పెరగలేదు, తగ్గింది. పన్ను కలపక ముందు బండి ధర 8 లక్షలనుకుంటే, పాత పన్ను 3 లక్షల 60 వేలు, కొత్తది 3 లక్షల 20 వేలు. నాలుగు రోజులు ఆగుంటే 40 వేలు మామూ జేబులోనే ఉండేవి. ఫర్నిచర్ దుకాణంలో అంత మిగలాలంటే ఎన్ని మంచాలు అమ్మాలో ఆయనకే మాలూమ్.

నా సుర్ఖీని సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్ళు లేకపోలేదు. కార్ల షౌఖీన్లు. వాళ్ళకి సెస్ వేళ్ళ మీద ఉంటుంది. "ఓహో, ధర తగ్గుతుంది" అనుకుని పేజీ తిప్పేసుంటారు. కానీ వాళ్ళు కూడా నవ్వుకునే ఉంటారు. "పెద్ద కారు" అంటే ఏంటి? పన్ను లెక్కలో చిన్న కారుకి కొలత ఉంది. పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ, డీజిల్ ఇంజన్ 1500 సీసీ దాటకూడదు. 2006 బడ్జెట్‌లో ఎక్సైజ్ తగ్గించినప్పటి నుంచీ ఈ గీతే నడుస్తోంది. అందుకే డిజైర్, నెక్సాన్, వెన్యూ అన్నీ 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతాయి. "ఈ కార్లన్నీ 4 మీటర్లకు 5 మిల్లీమీటర్లు తక్కువ ఎందుకు?" అని పెడితే షౌఖీనూ ఆగుతాడు, కారు లేనివాడూ ఆగుతాడు. ఎవరికీ నుక్సాన్ లేదు.

డెస్కులో ఒక నమ్మకం ఉంది. బండ్ల పిచ్చి ఉన్నవాడికి ఒక సుర్ఖీ, మామూలు మనిషికి ఒకటి, రెండూ కుదరవని. కుదరకపోతే "షాక్" అనో "బంపర్" అనో ఒక మాట పడేస్తే ఇద్దరూ వస్తారని. నేను ఒప్పుకోను. ఇద్దరూ కలిసే చోటు ఒకటుంది, అది "ఎంత నుంచి ఎంతకి" అనేది. "పెద్ద కార్లపై పన్ను 45-50 నుంచి 40 శాతానికి" అని రాసుంటే షౌఖీన్‌కి లెక్క దొరికేది, మామూకి దారి దొరికేది. జాగా సరిపోనప్పుడు మేం మొదట కోసేది మాత్రం ఆ పాత అంకెనే.

ఇద్దరికీ నచ్చితే చాలనీ అననులెండి. 2008 జనవరిలో నానోని చూపించినప్పుడు "లక్ష రూపాయల కారు" అని అందరం రాశాం. చాయ్ హోటల్లో కూడా అదే మాట. రోడ్డెక్కేసరికి బండి లక్ష దాటింది. చవక బండి అనే ముద్ర మాత్రం చివరిదాకా పోలేదు. చవకదని అమ్మడం పొరపాటని రతన్ టాటాయే తర్వాత అన్నారు.

వివరాలు లోపల ఉంటాయి కదా అంటారు నా సాథీలు. మన ఇళ్ళు వాళ్ళకి తెలీదు. అబ్బా ఉర్దూ పేపర్ చివరి దాకా చదువుతారు. తెలుగు పేపర్ మాత్రం పిల్లలు చదివి చెప్పాలి. వాడు సుర్ఖీ గట్టిగా చదువుతాడు, దాదీకి దాన్నే ఉర్దూలో చెప్తాడు. కింది పేరా దగ్గరికొచ్చేసరికి వాడికి ఫోన్ గుర్తొస్తుంది. ఇంట్లో ఆ ఖబర్ ఆ ఒక్క వాక్యంగానే మిగులుతుంది.

నెల తర్వాత నంద్యాల వెళ్ళినప్పుడు మామూకి అంతా చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. లోపలికెళ్ళి ఆ రోజు పేపర్ తెచ్చాడు. మడత పెట్టి దాచుకున్నాడు, నేను రాసిందని.

"ముందు ఎంతుండె, అది ఎందుకు రాయలేదు బేటా?"

"జాగా సరిపోలేదు మామూ."

సుర్ఖీ కింద మూడు కాలమ్‌ల కారు ఫోటో ఉంది. దాని మీద వేలు పెట్టాడు.

"దీనికి సరిపోయిందే?"