విదేశంలో చదువు - విడవని నీరసం

"డాక్టరుగారూ! మా అమ్మాయి ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతోంది. ఎక్స్ఛేంజి ప్రోగ్రాం కింద ఒక సెమిస్టరు చదవడానికి అక్టోబరులో బెర్లిన్ వెళ్ళింది. మూడు నెలలు దాటింది. వెళ్ళినప్పటి నుంచీ ఒకటే నీరసం అంటోంది. పది గంటలు మంచం మీద ఉన్నా పడుకున్నట్టే ఉండదట. హాస్టల్లో నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లెక్కేసరికి ఆయాసం వస్తోందట. మేము శాకాహారులం. 'ఇంటిమీద బెంగ, అదే పోతుంది' అంటారు మావారు. ఐరన్ మాత్రలు, బలానికి ఒక టానిక్కు పార్సిలు చేద్దామనుకుంటున్నాను. ఏది మంచిదో చెప్పగలరు."

తెనాలి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించాను. కుదించడంలో కావాలనే వదిలిన ఒక వాక్యం ఉంది. "చిన్నప్పటి నుంచీ బియ్యం నమిలే పాడలవాటు ఉంది, ఎంత తిట్టినా మానలేదు, అక్కడ కూడా డబ్బా పక్కనే పెట్టుకుని చదువుతోందట" అని. ఆమె పిల్ల మొండితనానికి ఉదాహరణగా రాసింది. నాకు మాత్రం ఆ నాలుగు పేజీల్లో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. దాని దగ్గరకు వస్తాను.

ముందు, మామూలు అలసట ఏదో చెప్తాను. మనకీ జర్మనీకీ వేసవిలో మూడున్నర గంటలు, శీతకాలంలో నాలుగున్నర గంటలు తేడా. ఒంట్లో ఉండే గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది. అంటే ప్రయాణపు బడలిక వారంలో తీరాలి. రెండోది భాష. క్లాసులు ఇంగ్లీషులో జరిగినా కొట్లో, బస్సులో, హాస్టలు నోటీసుబోర్డు మీద అంతా జర్మనే. మన ఊళ్ళో చెవిన పడ్డ మాట దానంతటదే అర్థమవుతుంది. పరాయి భాషలో ప్రతి మాటనీ పట్టుకోవాలి. అది బస్తాలు మోయడం లాంటి పనే. నేను తెలుగు మీడియంలో చదివి మెడికల్ కాలేజీలో చేరినవాణ్ణి. మొదటి ఆరు నెలలు సాయంత్రం అయిదింటికల్లా ఎనాటమీ పుస్తకం మీదే తల వాల్చి నిద్రపోయేవాణ్ణి. అందుకు మా సీనియర్లు నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయను. ఈ అలసట ఒకటి రెండు నెలల్లో తగ్గుముఖం పడుతుంది. ఒక రాత్రి బాగా నిద్రపోతే మర్నాడు తేలికగా ఉంటుంది. నిద్రకు లొంగని నీరసం వేరు.

మూడోది వెలుతురు. డిసెంబరు నెలాఖరులో బెర్లిన్‌లో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. ఎనిమిది దాటాక తెల్లవారి, నాలుగింటికి పొద్దు గుంకుతుంది. హైదరాబాదులో అతి చిన్న పగలు కూడా దాదాపు 11 గంటలు. ఆ పిల్ల చీకట్లో క్లాసుకు వెళ్ళి చీకట్లో గదికి వస్తోందన్నమాట. నిద్ర, మెలకువ వెలుతురును బట్టి నడుస్తాయి. అందుచేత ఉదయం పూట అరగంట బయట నడవమనండి. మబ్బు పట్టినా సరే, గదిలో లైటుకన్నా బయటి వెలుతురు ఎన్నో రెట్లు ఎక్కువ. పగటి కునుకు అరగంట మించకూడదు. మధ్యాహ్నం మూడు దాటాక కాఫీ వద్దు.

అమ్మా, ఇక్కడ మీకు కొంచెం కష్టం కలిగించే మాట ఒకటి చెప్పాలి. "పంపు నీళ్ళు వచ్చేలోగా రోజూ అయిదున్నరకు దాంతో మాట్లాడతాను, పాపం మేలుకునే ఉంటుంది" అని రాశారు. ఇక్కడ తెల్లవారుజామున అయిదున్నర అంటే అక్కడ రాత్రి ఒంటిగంట. ఆ పిల్ల మేలుకుని ఉన్నది చదువు కోసం కాదు, మీ ఫోను కోసం. మీరు పిలిచే వేళకు నిద్రపోతే మీరు కంగారు పడతారని కూర్చుంటోంది. రాత్రి తొమ్మిదింటికి చెయ్యండి. అక్కడ సాయంత్రం నాలుగున్నర అవుతుంది. మొదటి మందు ఇదే, దీనికి ఖర్చు కూడా లేదు.

ఇక బియ్యం సంగతి. పచ్చిబియ్యం, సుద్ద, బలపం, మట్టి, మంచుముక్కలు తినాలనిపించడం చాలామందిలో ఒంట్లో ఇనుము తక్కువైనందుకు గుర్తు. తిడితే పోయేది కాదు. ఇనుము నిండితే చాలామందిలో దానంతటదే పోతుంది. దీనికి మెట్లెక్కితే ఆయాసం, నిద్రకు లొంగని నీరసం కలిపి చూడండి. ఈ నీరసం బెర్లిన్‌లో పుట్టింది కాకపోవచ్చు. తెనాలి నుంచి పెట్టెలో సర్దుకుని వెళ్ళినదే అయుండవచ్చు. ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ వండి పెట్టింది, కాలేజీ బస్సు గుమ్మం ముందుకు వచ్చింది. అక్కడ వంట, సామాను మోత, నాలుగంతస్తులు అన్నీ తనే. దాగి ఉన్నది బయటపడింది.

రక్తంలో హిమోగ్లోబిన్ పెద్దయిన ఆడపిల్లకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటాం. కాని అంతకన్నా ముందే ఇనుము నిల్వలు అడుగంటుతాయి. గాదెలో ధాన్యం అయిపోయినా నాలుగు రోజులు కుండలో అన్నం ఉడుకుతూనే ఉంటుంది కదా! కుండ హిమోగ్లోబిన్, గాదె ఫెర్రిటిన్. కాబట్టి రెండూ చూడాలి. నెలసరి ఎన్ని రోజులుంటుందో మీరే అడగండి. ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకోసారి ప్యాడు మార్చవలసి వచ్చినా, గడ్డలు పడుతున్నా డాక్టరుతో చెప్పి తీరాలి. ఆడపిల్లలు ఇది చెప్పరు, తల్లులు అడగరు, మా మగ డాక్టర్లలో చాలామంది మొహమాటపడతారు. రక్తం మాత్రం పోతూనే ఉంటుంది.

శాకాహారులు కనుక బి12 విటమిన్ కూడా చూడాలి. కూరగాయల్లో, పప్పుల్లో అది ఉండదు. మన ఇళ్ళల్లో పాలు, పెరుగు వల్లే అంతో ఇంతో అందుతుంది. ఇంట్లో మూడు పూటలా పెరుగన్నం తిన్న పిల్ల అక్కడ బ్రెడ్డు, జాము, నూడుల్సు మీద బతుకుతూ ఉండవచ్చు. వీటితోపాటు థైరాయిడ్, రక్తంలో చక్కెర, విటమిన్ డి. అక్కడ అక్టోబరు నుంచి మార్చి దాకా ఎండలో నిలబడ్డా ఒంట్లో విటమిన్ డి దాదాపు తయారు కాదు. మన చామనచాయకు మరీ కష్టం. అలాగని మన మందులషాపుల్లో దొరికే 60,000 యూనిట్ల గోళీలు సంచిలో వేసి పంపకండి. వారానికి ఒకటని డాక్టరు రాసేదాన్ని రోజుకొకటి మింగి, రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులతో మా ఆస్పత్రికి వచ్చినవారిని చూశాను.

ఐరన్ మాత్రలూ అంతే. ముందు పరీక్ష, తర్వాత మాత్ర. మాత్రలు మొదలుపెట్టాక చేసిన పరీక్ష సగం నిజమే చెప్తుంది. లోపం ఉందని తేలాక అక్కడి డాక్టరే రాస్తాడు. పాలతోనూ, టీ కాఫీలతోనూ వేసుకోకూడదు. మలం నల్లగా వస్తే భయపడనక్కరలేదు. హిమోగ్లోబిన్ మామూలయ్యాక కూడా గాదె నిండడానికి మరో మూడు నెలలు వాడాలి. నెలకే ఆపేసి "మందు పని చెయ్యలేదండీ" అనేవారే మా ఓపీలో ఎక్కువ. టానిక్కు సంగతి అడిగారు. చాలా టానిక్కుల్లో తీపి, రంగు బాగా ఉంటాయి. "ఒక సీసా ఎక్కించండి, బలం వస్తుంది" అని నన్ను రోజూ అడిగేవారికి చెప్పే జవాబే మీకూ చెప్తున్నాను: ఆ డబ్బుతో పప్పు కొనుక్కోండి.

అక్కడ పప్పు దొరకదనుకోవద్దు. మైసూరు పప్పు సూపర్ బజారుల్లోనే ఉంటుంది. శనగలు, రాజ్మా, పాలకూర టర్కీవాళ్ళ కొట్లలో దొరుకుతాయి. ఆదివారం కొట్లు మూస్తారు, శనివారమే తెచ్చుకోమనండి. పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా వంటబడుతుంది. టీ తిన్న గంట తర్వాత. రోజూ ఒక కప్పు పెరుగు. మధ్యాహ్నం విశ్వవిద్యాలయం క్యాంటీనులో వేడి భోజనం చెయ్యమనండి. 'మెన్సా' అంటారు, శాకాహారం కూడా ఉంటుంది.

ఇంత రాశాను గాని, ఉత్తరం చూసి జబ్బు తేల్చడం ఎంత ప్రమాదమో నాకు తెలుసు. పదేళ్ళ కిందట నా స్నేహితుడి కొడుకు ఇలాగే ఏడాది చదువుకని యూరప్ వెళ్ళాడు. నీరసంగా ఉంది అంకుల్ అని ఫోను చేశాడు. "కొత్తచోటు, ఇంటి బెంగ, తగ్గిపోతుందిలే" అన్నాను. దాహం ఎలా ఉంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు, బరువు తగ్గావా అని ఒక్క ముక్క అడగలేదు. పదిరోజులకు స్పృహ తప్పి ఆస్పత్రిలో చేరాడు. ఇన్సులిన్ తయారుకాక వచ్చే చక్కెర జబ్బు. అక్కడివాళ్ళు బతికించారు. ఇప్పుడు ఇన్సులిన్ వేసుకుంటూ చక్కగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ ఫోను గుర్తొస్తే నాకు ఇప్పటికీ తల వంగుతుంది. అందుకే మీవారి మాటను నేను ఒప్పుకోను. బెంగ ఉండవచ్చు, కాని మిగతావి లేవని తేలాకే బెంగ అనాలి. దాహం, అతిమూత్రం, బరువు తగ్గడం ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం ఉంటే క్షయ పరీక్ష చెయ్యాలి.

బెంగ కూడా చిన్న విషయం కాదు. ఇష్టమైన పనులు మానెయ్యడం, ఊరికే కన్నీళ్ళు రావడం, స్నానానికి కూడా లేవలేకపోవడం, బతికేం లాభం అనుకోవడం రెండు వారాలు మించి ఉంటే అది మనసుకు వచ్చిన జబ్బు, మందు ఉన్న జబ్బు. "నీకేం తక్కువ, ఇంత ఖర్చుపెట్టి పంపాం" అనే మాట పొరపాటున కూడా ఫోనులో రానివ్వకండి. ఖర్చు సంగతి ఆ పిల్లకు మీకన్నా ఎక్కువ గుర్తుంటుంది. అక్కడ విద్యార్థుల కోసం మానసిక సలహా కేంద్రాలున్నాయి, వెళ్తే చదువుకేమీ అడ్డురాదు.

డాక్టరు ఖర్చుకు భయపడి పిల్లలు వెళ్ళరు. జర్మనీలో ఆరోగ్య బీమా ఉంటేనే విశ్వవిద్యాలయంలో చేర్చుకుంటారు, కాబట్టి మీ అమ్మాయికి అది ఉండే ఉంటుంది. నేరుగా పెద్దాసుపత్రికి కాక 'హౌస్‌ఆర్ట్స్ట్' అనే కుటుంబ వైద్యుడి దగ్గర ముందుగా సమయం తీసుకుని, బీమా కాగితంతో వెళ్ళాలి. డాక్టర్లు తలుపులు మూసిన వేళల్లో 116117కు ఫోను చెయ్యవచ్చు. కూర్చున్నా ఆయాసం వచ్చినా, స్పృహ తప్పినా 112. డాక్టరు ముందు "నీరసం" అని ఊరుకోకుండా మెట్ల సంగతి, నెలసరి సంగతి, బియ్యం సంగతి మూడూ చీటీ మీద రాసుకుని చదవమనండి.

రిపోర్టు వచ్చాక అంకెలతో సహా నాకు మళ్ళీ రాయండి. అంతవరకు పార్సిల్లో మాత్రలు, టానిక్కు వద్దు. కందిపొడి పంపండి, నష్టం లేదు.