ఒకటిన్నర స్పీడులో దేవుడు

జనవరి ఒకటో తారీఖు రాగానే మా తెలుగు సహవాసం వాట్సాప్ గ్రూపులో బైబిల్ పఠన పట్టికలు వచ్చి పడతాయి. ఏడాదిలో బైబిలంతా చదివేయాలి. లెక్క తేలికే. మొత్తం 1189 అధ్యాయాలు, 365 రోజులు, అంటే రోజుకి మూడుంపావు అధ్యాయాలు. ఆదికాండంలో 50, నిర్గమకాండంలో 40. జనవరి నెలాఖరుకల్లా లేవీయకాండంలో అడుగుపెడతాం. బలిపశువు కొవ్వు ఎక్కడెక్కడ తీయాలో, చర్మం మీద మచ్చ ఎలా ఉంటే యాజకుడికి చూపించుకోవాలో చదువుతుండగా గ్రూపులో ‘నేటి భాగం పూర్తయింది’ అనే మెసేజీలు పల్చబడతాయి. ఫిబ్రవరి మధ్యకి పాస్టరుగారూ, రిటైరైన ఇద్దరు అంకుల్సూ మిగులుతారు.

ఆగిపోయినవాళ్ళకి భక్తి తక్కువని నేననుకోను. పట్టిక వేసిన పద్ధతే మన ఆఫీసు పద్ధతి. ఇంత పని, ఇన్ని రోజులు, రోజుకింత, టిక్కు పెట్టు. మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా అలవాటైన పని గనక దేవుణ్ణీ అలాగే చేరుకోవచ్చనుకుంటాం. ప్రసంగాల సంగతీ అంతే. డాలస్ శివారు నుంచి ఆఫీసుకి నాకు 40 నిమిషాల డ్రైవు. యూట్యూబులో గంట ప్రసంగాన్ని ఒకటిన్నర స్పీడులో పెడితే పార్కింగ్ లాట్‌లోకి తిరిగేసరికి సరిగ్గా ‘ఆమెన్’ వస్తుంది. నేనూ వింటాను. మంచి ప్రసంగీకులున్నారు, బోలెడు తెలుసుకోవచ్చు. తెలుసుకోవడానికి ఆ వేగం సరిపోతుంది కూడా. కానీ ఒక మనిషికి దగ్గరవడానికి సరిపోదు. మా ఆవిడ మాటల్ని ఒకటిన్నర స్పీడులో వింటే ఏమవుతుందో పెళ్ళైనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

దేవునికి దగ్గర కావాలనుకునేవాళ్ళు వేగం పెంచడానికి వీల్లేని పనులు కొన్ని పెట్టుకోవాలని నా అభిప్రాయం. నోటితో, చేత్తో, మోకాళ్ళతో చేసేవి. ఆ రోజు మనసు బాగున్నా బాగోకపోయినా చేయగలిగేవి.

మొదటి కీర్తనలో ధన్యుడైన మనిషి రాత్రింబగళ్ళు ధర్మశాస్త్రాన్ని ధ్యానిస్తాడని ఉంటుంది. ధ్యానం అనగానే మనకి కళ్ళు మూసుకుని కదలకుండా కూచోవడం గుర్తొస్తుంది. అక్కడ హీబ్రూలో ఉన్న క్రియ ‘హగా’. గొణుక్కోవడం, పెదాలు కదిలిస్తూ తనలో తను పలుక్కోవడం అని దానర్థం. యెషయా గ్రంథం 38వ అధ్యాయంలో పావురం మూలుగుకీ, 31వ అధ్యాయంలో వేటాడిన జంతువు మీద నిలబడి గుర్రుమనే సింహానికీ ఇదే మాట వాడారు. అంటే చప్పుడు చేసే పని అది.

మా నాయనమ్మ చదువు అచ్చం అలాగే ఉండేది. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న మనిషి. నులకమంచం మీద కూచుని, వేలు అక్షరం కింద పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివేది. పక్కింటికి వినపడేది. రోజుకి పది వచనాలు దాటేవి కావు. ఆ పదీ సాయంత్రం దాకా ఆవిడ నోట్లో నానుతూ ఉండేవి, బియ్యం ఏరుతున్నా, గేదెకి కుడితి పెడుతున్నా. మన పాత తెలుగు బైబిల్లో భాష గ్రాంథికం. ఇప్పటి తెలుగులో అనువాదాలు వచ్చాయి, వాటితో నాకు గొడవేం లేదు. అయితే ఆ పాత వాక్యాల్లో క్రియ కోసం చివరిదాకా ఆగాలి. కళ్ళతో జారిపోదామంటే కుదరదు. పైకి చదివితే ఇంకా నెమ్మదవుతుంది. నాకది లోపంగా కాక సుగుణంగానే కనిపిస్తుంది.

రెండో పని రాసుకోవడం. ద్వితీయోపదేశకాండం 17వ అధ్యాయంలో ఇశ్రాయేలు రాజులకి ఒక విచిత్రమైన నియమం ఉంది. సింహాసనం ఎక్కాక రాజు ఈ ధర్మశాస్త్రానికి ఒక ప్రతి తన కోసం రాసుకోవాలి, బతికినన్నాళ్ళూ దాన్ని దగ్గర పెట్టుకుని చదవాలి. ఎందుకంటే, దేవునికి భయపడడం నేర్చుకోవడానికి. ఆపైన తన సహోదరులకంటే తాను ఎక్కువ అనుకోకుండా ఉండడానికి. పండితుడవడానికి అని అక్కడ లేదు. ఈ రెండో కారణం దగ్గర నేను చాలాసార్లు ఆగాను. రాజుకి లేఖకులుంటారు, పురమాయిస్తే పది ప్రతులు సిద్ధమవుతాయి. అయినా నువ్వే కూచుని చెయ్యి అంటున్నాడు.

నాకు తెలుగు టైపింగ్ ఎవరూ నేర్పలేదు. కీబోర్డు పటం ప్రింటు తీసి మానిటర్ పక్కన అంటించుకుని ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి కింద, హల్లులు కుడిచేతి కింద ఉంటాయి. సాధనకి ఏదో ఒకటి టైప్ చేయాలి కదా, కీర్తనలు మొదలుపెట్టాను. మంచి వేగం వచ్చాక కూడా మానలేదు. ‘కృప’ అనే రెండక్షరాల మాటకి క, దాని కింద వట్రసుడి, ఆ తర్వాత ప నొక్కేలోపు ఆ మాట నా ముందు నిలబడుతుంది. కళ్ళతో చదివినప్పుడు ఎన్నిసార్లు దాన్ని దాటుకుపోయామో అప్పుడర్థమవుతుంది. 119వ కీర్తనలో 176 వచనాలు. హీబ్రూ అక్షరాలు 22, ఒక్కో అక్షరంతో ఎనిమిదేసి వచనాలు. రోజుకో అక్షరం భాగం చొప్పున తీసుకుంటే 22 రోజులు. ఎనిమిది వచనాలకి నాకు ఇరవై నిమిషాలు పడుతుంది. టైపింగ్ రానివాళ్ళు నోటుపుస్తకంలో రాసుకోవచ్చు, నిజానికి అదింకా మంచిది. ఈమధ్య కొందరు కాపీ-పేస్ట్ చేసి స్టేటస్ పెడుతున్నారు. దాని గురించి నేనేమీ అనను.

పాటల గురించి క్లుప్తంగా చెప్తాను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటల మీద రాగం, తాళం పేర్లుంటాయి. పల్లవి, అనుపల్లవి, ఆపైన ఏడెనిమిది చరణాలు. పురుషోత్తమ చౌదరిగారి (1803-1890) కీర్తనలు అందులో ఎన్నో ఉన్నాయి. తెర మీద నాలుగు లైన్లు చూపించి పది నిమిషాలు పాడించే పాటలు మా పిల్లలకి ఇష్టం, పాడనివ్వండి. కానీ ఒక్క కీర్తన, అన్ని చరణాలూ, పుస్తకం చూడకుండా వచ్చేలా నేర్చుకుని చూడండి. ఆసుపత్రి వెయిటింగ్ రూములో ఫోను చార్జింగ్ అయిపోయినా అది మన దగ్గరే ఉంటుంది.

ఇక ప్రార్థన. దానియేలు గ్రంథం ఆరో అధ్యాయం అందరికీ సింహాల గుహ కోసం గుర్తు. నాకు ఆ కిటికీ గుర్తు. ఆయన పరాయి దేశంలో పెద్ద ఉద్యోగి. 120 మంది అధిపతుల మీద ఉన్న ముగ్గురిలో ఒకడు. అంటే తీరిక లేని మనిషే. రోజుకి మూడుసార్లు యెరూషలేము వైపు తెరిచిన కిటికీ దగ్గర మోకరించేవాడు. రాజాజ్ఞ వచ్చిందని తెలిశాక ఏం చేశాడో చూడండి. కొత్తగా ఏమీ చేయలేదు. అంతకుముందు రోజూ చేస్తున్నదే చేశాడు.

రెండేళ్ళ క్రితం నా ఉద్యోగం పోయింది. హెచ్-వన్-బీ మీద ఉన్నవాళ్ళకి తెలుసు, ఉద్యోగం పోతే చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. అప్పటికి మా పాపకి ఆరేళ్ళు, ఇంటి అద్దె ఒప్పందం ఇంకా ఎనిమిది నెలలు. ఆ రోజుల్లో నా ప్రార్థన అంతా ఒకటే వాక్యం. దాన్ని తిప్పి తిప్పి చెప్పడం. కొన్నాళ్ళకి ఆ వాక్యం కూడా నోట రాలేదు. ‘దేవుడి ప్రణాళికలో ఇదీ ఒక భాగమే బ్రదర్’ అని ఫోన్లు చేసినవాళ్ళు మంచివాళ్ళే, వాళ్ళ మీద నాకేం కోపం లేదు. కానీ ఆ మాట వినలేకపోయేవాణ్ణి. సహవాసంలో ఒక ఆంటీ మాత్రం గోంగూర పప్పు పట్టుకొచ్చి, మా డైనింగ్ టేబుల్ దగ్గర కూచుని 88వ కీర్తన పైకి చదివి వెళ్ళిపోయారు. వివరణ లేదు, ఓదార్పు మాట లేదు.

88వ కీర్తన చదవనివాళ్ళు ఒకసారి చదవండి. కీర్తనల్లో మొరపెట్టేవి చాలా ఉన్నాయి, సాధారణంగా చివరికొచ్చేసరికి స్తుతిలోకి తిరుగుతాయి. ఆరు వచనాల 13వ కీర్తన కూడా తిరుగుతుంది. 88 తిరగదు. చీకట్లోనే ముగుస్తుంది. దాన్ని కూడా ప్రార్థనల పుస్తకంలో ఉంచారు. అంటే స్తుతి రాని రోజున స్తుతి నటించకుండా కూడా ఆయన ముందు కూచోవచ్చన్నమాట. ఆ తర్వాత రోజూ పొద్దున ఏడింటికి, స్టాండప్ మీటింగ్ ఉండే టైములో (అలవాటు పోలేదు), ఒక మొర కీర్తన పైకి చదవడం పెట్టుకున్నాను. నా మాటలు అయిపోయినప్పుడు అవి అరువు మాటలు. అంతకుముందు టైపు చేసిన కీర్తనలే గనక ఎక్కడేముందో చేతులకి తెలుసు.

51వ రోజున ఉద్యోగం దొరికింది. దీన్ని సాక్ష్యంగా చెప్పమని పాస్టరుగారు అడిగారు. నేను చెప్పలేదు. అదే నెలలో ఉద్యోగం పోయిన ఇంకో కుటుంబం మా సహవాసంలోనే ఉంది. వాళ్ళకి దొరకలేదు. సామాన్లు అమ్ముకుని విజయవాడ వెళ్ళిపోయారు. వాళ్ళ ప్రార్థన నా ప్రార్థనకంటే తక్కువదేం కాదు, ఉపవాసాలు నాకంటే ఎక్కువే చేశారు. నేను ముందు నిలబడి ‘దేవుడు నా మొర ఆలకించాడు’ అంటే, ఖాళీగా ఉన్న వాళ్ళ కుర్చీలు ఏం వింటాయి? జవాబు వచ్చినవాళ్ళు దగ్గర, రానివాళ్ళు దూరం అనే లెక్క మన సాక్ష్యాల్లో చాలా లోతుగా పాతుకుపోయింది. ఆయన ఇప్పుడు అక్కడ తక్కువ జీతానికి చేస్తున్నాడు. పొద్దున్నే కాలువ గట్టు మీద నడుస్తూ ప్రార్థన చేసుకుంటానని, ఇక్కడ ఎప్పుడూ అంత ప్రశాంతంగా చేసుకోలేదని మొన్న ఫోన్లో చెప్పాడు. అది సాక్ష్యం కాదని ఎవరంటారు? కానీ దాన్ని ఎవరూ మైకులో చెప్పించరు.

ఇవ్వడం గురించి కూడా నాయనమ్మే గుర్తొస్తుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు వెనక్కి తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్ళేది. మిజోరం సంఘాల్లో 1910లో మొదలైన ఈ పిడికెడు బియ్యం పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. అందులో నాకు నచ్చేది, వండాక మిగిలింది ఇవ్వడం కాకుండా వండకముందే తీయడం. మేము ఇక్కడ జీతం పడిన రోజే ఒక మొత్తం పక్కకి తీస్తాం. అది మా చర్చి ఖర్చులకి వెళ్ళదు, దగ్గర్లోని ఫుడ్ ప్యాంట్రీకి వెళ్తుంది. నెలకో శనివారం అక్కడ డబ్బాలు సర్దడానికి ముగ్గురం వెళ్తాం. క్యూలో నిలబడేవాళ్ళ కళ్ళలోకి చూడడం మొదట్లో కష్టంగా ఉండేది.

పిల్లల విషయంలో నాకు పెద్ద పథకాలు లేవు. మా పాప ఇంగ్లీషు బైబిలే చదువుతుంది. తెలుగులో ఒక్క 23వ కీర్తన, ఆరు వచనాలు, వాళ్ళ తాతయ్యతో కలిసి వీడియో కాల్‌లో నేర్చుకుంది. ఆయన ఒక వచనం, తను ఒక వచనం. ‘పచ్చిక’ అంటే ఏంటని అడిగితే ఆయన ఫోను పట్టుకుని దొడ్లోకి నడిచి చూపించారు.

చివరి పని అన్నిటికంటే కష్టం, నాకు తెలిసి దీన్ని తప్పించుకోవడానికే మనం మిగతావన్నీ జోరుగా చేస్తాం. మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో యేసు అంటాడు, బలిపీఠం దాకా కానుక తెచ్చాక నీ సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడమని. తప్పు ఎవరిదో అక్కడ అడగలేదు. నీ మీద అతనికి ఏదో ఉంది, అంతే. మన సంగతి చూడండి. సహవాసానికి కొత్తవాళ్ళొస్తే ఊరు, ఇంటిపేరు అడిగి ఐదు నిమిషాల్లో కులం తేల్చుకుంటాం. పెళ్ళి ప్రకటనలో ‘క్రిస్టియన్’ అని రాసి పక్కనే కులం పేరు రాస్తాం. ఒకే రొట్టె విరిచి, ఒకే గిన్నెలోది తాగి, ఆ తర్వాత భోజనాల దగ్గర గుంపులు గుంపులుగా కూచుంటాం. మూడు గంటల ఆరాధన దీన్ని ఏమీ కదపకపోతే, ఆ మూడు గంటల్లో మనం ఎవరికి దగ్గరయినట్టు? వచ్చే ఆదివారం పళ్ళెం పట్టుకుని వేరే బల్ల దగ్గర కూచోవడం ఎవరైనా చేయగల పని. సెమినార్ అక్కర్లేదు.

కులం దాకా పోకపోయినా, మనలో చాలామందికి ఊళ్ళో పొలం పంపకాల దగ్గర మాటలు ఆగిపోయిన అన్నో తమ్ముడో ఉన్నాడు. రిజిస్ట్రేషన్ ఎలా అయిందో, అమ్మకి ఎవరు చూశారో, లెక్కలన్నీ రెండువైపులా పక్కాగా ఉంటాయి. ఎండాకాలంలో ఇక్కడ ఆదివారం పొద్దున ఎనిమిదైతే గుంటూరులో సాయంత్రం ఆరున్నర. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని టీ తాగే టైము. మన ఆరాధన పదిన్నరకి. మధ్యలో రెండున్నర గంటలు ఉంటాయి.